అమ్మకి గోంగూర అని చెప్పాను

వీడియో కాల్లో అమ్మకి గది చూపిస్తూ ఫోన్ అటూ ఇటూ తిప్పుతున్నాను. బీరువా తలుపు మూయడం మర్చిపోయాను.

"ఏటిరా అది? బట్టల బీరువాలో లైటేటి?"

"మొక్కమ్మా. ఇక్కడ చలికాలం ఎండ రాదు కదా. లైటు కింద పెంచుతున్నా."

"ఏం మొక్క?"

ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. కాసేపు తెరంతా అమ్మ కళ్ళజోడే. ఏ అబద్ధం చెప్పాలా అని నేను వెతుక్కుంటున్నాను. ఈలోపు తనే అంది.

"గోంగూరలాగుంది."

"ఆఁ, గోంగూరే."

అది గంజాయి మొక్క.

అమ్మ తప్పేం లేదు. గోగు మొక్కకి పైన వచ్చే ఆకులు చేతివేళ్ళలా చీలి ఉంటాయి, అంచులకి రంపం పళ్ళుంటాయి. లిన్నేయస్‌కి కూడా అలాగే అనిపించినట్టుంది, దానికి హైబిస్కస్ కన్నాబినస్ అని పేరు పెట్టాడు. గంజాయిని పోలిన మందార అన్నమాట. రెండిటి కాడ నుంచీ నార వస్తుంది. పోలికే తప్ప చుట్టరికం లేదు. గోంగూరది మందార కుటుంబం. గంజాయికి చుట్టం బీరులో వేసే హాప్స్.

నేనుండేది జర్మనీలో, మాగ్డెబర్గ్‌లో. ఎమ్మెస్‌కి వచ్చాను. ఇక్కడ 2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండి, దేశంలో కనీసం ఆరు నెలలుగా ఉంటున్న ఎవరైనా సొంతానికి మూడు మొక్కల దాకా పెంచుకోవచ్చు. ఎండిన సరుకు ఇంట్లో 50 గ్రాములకి మించకూడదు. పిల్లలకి అందకుండా పెట్టాలి. వాసనతో పక్కింటివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు. పండించింది ఇంకొకరికి ఇవ్వకూడదు, ఊరికే ఇచ్చినా సరే. మార్చి 31 రాత్రి దాకా నేరం. తెల్లారేసరికి హాబీ. మన దేశంలో ఇదే పనికి పదేళ్ళ దాకా కఠిన కారాగారం ఉంది.

నా ఫ్లాట్‌మేట్ జర్మన్ కుర్రాడు. ఆ వేసవిలో బాల్కనీలో ఒక మొక్క పెంచాడు, టమాటాల పక్కన. ఓ రోజు దానికి నీళ్ళు పోస్తూ, "మీ ఊళ్ళో ఇది అడవిలో పెరుగుతుందటగా?" అన్నాడు. ఎక్కడో చదివాడట.

మాది నర్సీపట్నం. హైదరాబాద్ హాస్టల్లో చేరిన మొదటి రోజు ఊరి పేరు చెప్పగానే వచ్చిన ప్రశ్న, "సరుకు దొరుకుద్దా బ్రో?" నాలుగేళ్ళూ అదే జోకు. చింతపల్లి, గూడెం కొత్తవీధి మాకు పైనున్న మన్యం. అక్కడ పండే శీలావతి రకం పేరు దేశమంతా తెలుసు. 2021 చివర్లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన అని పెట్టి వేల ఎకరాల పంట నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు రెండు లక్షల కిలోలు గుట్టలు పోసి తగలబెట్టారు, అందరం టీవీలో చూశాం. కానీ ఇరవై రెండేళ్ళు అంత దగ్గర పెరిగిన నేను ఒక్క మొక్కని కూడా పచ్చగా చూడలేదు. నేను చూసిందల్లా పేపర్లో ఫొటోలు: వరసగా పేర్చిన సంచులు, వెనక నిలబడ్డ పోలీసులు, ముందు ముసుగులేసి కూర్చోబెట్టిన కుర్రాళ్ళు.

2023 జూలైలో అలాంటి ఒక ఫొటోలో ముసుగు కింద మా తమ్ముడున్నాడు. చిన్నాన్న కొడుకు. చొక్కా చూసి పిన్ని గుర్తుపట్టింది.

వాడు డిగ్రీ రెండో ఏడు మధ్యలో మానేసి ఆటో నడుపుతున్నాడు. ఎవరో రెండు బ్యాగులిచ్చి, రైల్లో ఒక ఊరికి చేర్చమన్నారు. ట్రిప్పుకి ఎనిమిది వేలు, దారిఖర్చులు వేరే. స్టేషన్ దాటకుండానే దొరికిపోయాడు. తూకం వేస్తే 21 కిలోల 400 గ్రాములు. గంజాయి కేసుల్లో కిలో లోపైతే చిన్న మొత్తం. ఇరవై కిలోలు దాటితే కమర్షియల్. రుజువైతే పదేళ్ళకి తగ్గదు, ఇరవై దాకా వెయ్యొచ్చు. బెయిలు కావాలంటే ఇతను నేరం చెయ్యలేదని నమ్మడానికి కారణాలున్నాయని ముందే జడ్జికి అనిపించాలి. కిలోన్నర బరువు తేడాకి వాడి వయసులో ఎన్నేళ్ళు పోతాయో ఇంట్లో ఎవరికీ చప్పున అర్థం కాలేదు. మా ఇంట్లో ఆ రోజు నుంచీ గంజాయి అన్న మాట ఎవరూ అనరు. 'ఆ కేసు' అంటారు.

ఇంత జరిగాక నేనెందుకు పెంచాను? ఫ్లాట్‌మేట్ అడిగినప్పుడు సరదాకి అన్నాను. కొంత నిజమే. చవగ్గా అవుతుందనుకున్నాను, అదీ కొంత నిజం. కానీ మా వాడి జీవితాన్ని మింగేసిన ఆ వస్తువు అసలెలా ఉంటుందో చూడాలని చాలా రోజులుగా ఉంది. ఇక్కడ చట్టం చూడనిస్తోంది.

నా బడ్జెట్ వంద యూరోలు. మూడు విత్తనాల ప్యాకెట్టు 24. సెకండ్ హ్యాండ్‌లో వంద వాట్ల ఎల్‌ఈడీ లైటు 40. పదకొండు లీటర్ల గుడ్డ కుండీ 5. మట్టి 11. క్లిప్ ఫ్యాను 14. టైమర్ 6. ఎరువు సీసా 12. కలిపితే 112, పర్లేదు. టెంటు కొనలేదు. పాత అద్దెదారు వదిలేసి వెళ్ళిన బీరువా ఒకటుంటే లోపల తెల్ల రంగు వేశాను. లైటుకి పై అరలో కొక్కెం కొట్టాను.

నేను కొన్నది ఆటోఫ్లవర్ రకం. మామూలు గంజాయి రాత్రి పొడుగయ్యాక గానీ పూత పట్టదు. లైటు కింద పెంచితే ఆ చీకటి గంటలు మనమే లెక్కపెట్టాలి. ఈ రకానికి ఆ పట్టింపు లేదు. వయసు రాగానే పూస్తుంది, పది పన్నెండు వారాల్లో కోతకొస్తుంది. రోజుకి పద్దెనిమిది గంటలు లైటు వేసి వదిలెయ్యడమే. ఇంకో సంగతి, గంజాయిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. కావాల్సింది ఆడ మొక్క పువ్వు, అదీ గింజ కట్టకముందు. అందుకని ఆడ మొక్కలే వచ్చేలా తయారుచేసిన విత్తనాలు అమ్ముతారు.

దసరా మర్నాడు ఒక గింజని గ్లాసు నీళ్ళల్లో వేశాను. మిరియం గింజంత లేదు, పైన పులి చారలు. రెండో రోజుకి తెల్లటి వేరు బయటపెట్టింది. మూడో రోజు మట్టిలో పెట్టాను. వారానికల్లా రెండు గుండ్రటి ఆకులు, వాటి మీద రంపం అంచుతో ఇంకో రెండు.

మొదటిసారి పెంచేవాళ్ళు మొక్కని ఎండబెట్టి చంపరు, తడిపి చంపుతారు. నేనూ అంతే. పొద్దున్న లేవగానే ఓ చెంబు, పడుకోబోయే ముందు ఓ చెంబు. మూడో వారానికి ఆకులు వేలాడిపోయాయి. దాహమేమో అనుకుని ఇంకో చెంబు పోశాను. మట్టి మీద చిన్న నల్ల దోమలు ముసిరాయి. సరిగ్గా అప్పుడే బీరువా తలుపు తెరిచి ఉన్నది, అమ్మ చూసింది.

"గోంగూర అలగ ఒరిగిపోయిందేటి? రోజూ పోస్తన్నావా నీళ్ళు?"

"రెండు పూటలా."

"నీ బుర్ర. వేరుకి ఊపిరాడొద్దూ? పొయ్యకు. కుండీ ఎత్తి చూడు. తేలిగ్గా ఉంటే అప్పుడు పొయ్యి, బరువుంటే ఊరుకో. పైన కాస్త ఇసక జల్లు, దోమలు పోతాయి."

అయిదు రోజులు నీళ్ళు మానేశాను. ఇసక జల్లాను. ఆరో రోజు కుండీ ఎత్తితే ఖాళీ డబ్బాలా లేచింది. అప్పుడు పోశాను. సాయంత్రానికి ఆకులన్నీ లైటు వైపు చేతులు చాపాయి. దోమలూ తగ్గాయి. నాకు చాలా సంతోషమేసింది, అంతే సిగ్గేసింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అమ్మ గోంగూర సంగతి అడిగేది. ఎరువు మోతాదు మించి ఆకుల కొసలు మాడితే, "ఉత్త నీళ్ళు పోసి మట్టి కడిగీ" అంది. పని చేసింది. లైటు మరీ దగ్గరై ఆకులు దోనెల్లా ముడుచుకుంటే, "సెగ తగుల్తంది, పైకెత్తు" అంది. రెండు జానలు పైకెత్తాను. అదీ పని చేసింది. "తల తుంచీరా, పక్క కొమ్మలొస్తాయి. తుంచిన ఆకు పప్పులో వేసుకో" అన్నప్పుడు మాత్రం కాల్ కట్ అయినట్టు నటించాను.

డిసెంబర్లో ఇక్కడ పొద్దున్న ఎనిమిది దాటాక తెల్లారి, సాయంత్రం నాలుక్కే చీకటి పడుతుంది. వారాల తరబడి మబ్బు. నా గదిలో ఎండలాంటిది ఆ బీరువాలోనే ఉంది. చదువుకోవాలంటే తలుపు తెరిచి, దాని ముందు నేల మీద కూర్చునేవాణ్ణి. అయిదో వారానికి కణుపుల దగ్గర జంటగా తెల్లటి వెంట్రుకలు వచ్చాయి, పూత. ఏడో వారానికి పువ్వుల మీద పంచదార జల్లినట్టయింది. భూతద్దం పెట్టి చూస్తే ఒక్కోటీ గాజుపూస పెట్టిన గుండుసూది. మత్తంతా ఎక్కువగా ఉండేది వాటిలోనే. ఆ పూసలు నీళ్ళలా ఉన్నంతసేపూ ఆగాలి, పాలలా తెల్లబడ్డాక కొయ్యాలి.

వాసన కూడా అప్పుడే మొదలైంది. మొక్క మోకాలెత్తు దాటలేదు గానీ వాసన మూడంతస్తులు దిగింది. ఓ సాయంత్రం కింద ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ మెట్ల దగ్గర ఆపింది. "మీ గది నుంచే కదా ఆ వాసన?" అంది. నేను చేస్తున్నది చట్టబద్ధమని నాకు తెలుసు, ఏ నిబంధన ఏం చెప్తుందో కూడా చదివాను. అయినా కాళ్ళు చల్లబడ్డాయి. పాస్‌పోర్ట్ ఏ అరలో పెట్టానో గుర్తు చేసుకున్నాను. ముసుగు గుర్తొచ్చింది, కింద చొక్కా గుర్తొచ్చింది.

ఆవిడ అన్నది ఇంతే. "నేను శనివారాలు బాల్కనీలో బట్టలారేస్తాను. ఆ రోజు మీ కిటికీ మూసి ఉంచగలరా?"

క్షమించమని చెప్పి, మర్నాడే బొగ్గు ఫిల్టరూ చిన్న ఎగ్జాస్ట్ ఫ్యానూ కొన్నాను. 38 యూరోలు. బడ్జెట్ పోయింది. పోతే పోయిందిలే అనుకున్నాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆవిడకి నా మీద ఉన్నది చిరాకు, అంతే. మా వీధిలో ఆ కేసు తర్వాత పిన్ని పాలకేంద్రానికి వెళ్ళడం మానేసింది. అదే వాసన.

నవంబర్లోనే తమ్ముడికి బెయిలొచ్చింది. పదహారు నెలల తర్వాత. అమ్మ చెప్పింది, "బాగా చిక్కిపోయేడు. ఎవులితోటీ మాటాడ్డు." ఫోన్ చేస్తే ఆఁ, ఊఁ అన్నాడు. నేనూ ఎక్కువ మాట్లాడలేకపోయాను. నా వెనక బీరువాలో ఫ్యాను తిరుగుతోంది.

డిసెంబర్ 29న మొక్క కోశాను. కొమ్మల్ని తలకిందులుగా బీరువాలో తాడుకి వేలాడదీసి, లైటు తీసేసి పది రోజులు ఆరనిచ్చాను. కాడ వంచితే చిటుక్కుమని విరగాలి, అప్పుడు ఆరినట్టు. ఆ రోజు రాత్రి వంటింటి తక్కెడ తెచ్చుకుని నేల మీద కూర్చున్నాను. అన్నీ కలిపి తూచాను, 61 గ్రాములు. తర్వాత చిన్న కత్తెరతో కాడలు వేరు చేసి, పెద్దాకులు తీసేసి, పువ్వు పక్కనున్న చిన్నాకులు గొరిగి, మిగిలిన పువ్వుని మళ్ళీ తూచాను. 27.

కత్తెర పట్టుకుని అలాగే ఉండిపోయాను.

తమ్ముడి లాయరు చిన్నాన్నతో చెప్పిన మాట ఒకటుంది. చట్టంలో గంజాయి అంటే పూసిన కొసలు, కాయ కట్టిన కొసలు మాత్రమే. కొసలతో కలిసి లేకపోతే ఆకూ గింజా గంజాయి కిందకి రావు. భంగు షాపులకి కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సులుండేది ఇందుకే. బ్యాగుల్లో ఉన్నదంతా, కాడా గింజా మట్టీ కలిపి తూచారని, వేరు చేసి తూచి ఉంటే ఇరవై దాటేది కాదని లాయరు వాదన. ఇది విన్నప్పుడు నాకు ఫీజు కోసం చెప్పే మాటలా అనిపించింది. చిన్నాన్నతో అన్నాను కూడా, "ఆకులు తీసేస్తే ఎంత తగ్గుద్ది చిన్నాన్నా, ఓ పావుకిలో?"

ఇప్పుడు నా ముందు రెండు కుప్పలున్నాయి. ఒకటి పువ్వు. రెండోది కాడలూ ఆకులూ. రెండోదే పెద్దది.

ఫోన్ తీసి లెక్క వేశాను. 21.4 ని 27 తో గుణించి 61 తో భాగిస్తే తొమ్మిదిన్నర కిలోలు. ఈ లెక్క ఏ కోర్టులోనూ నిలబడదు. నాది బీరువాలో పెరిగిన ఒక్క మొక్క. వాడివి ఎవరో ఎక్కడో కోసి తొక్కి నింపిన సంచులు, అందులో ఎంత పువ్వుందో ఎంత కాడుందో తెలీదు. అన్నీ కొసలతో కలిసే ఉన్నాయి కదా అని అవతలి వకీలు అనొచ్చు. తొమ్మిదిన్నరైనా నేరం నేరమే. కానీ కనీసం పదేళ్ళు అనే గోడ ఉండదు. పదహారు నెలల క్రితమే బెయిలు వచ్చేదేమో. ఆ 'ఏమో' దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఫీజు కోసం చెప్తున్నాడని చిన్నాన్నతో అన్నందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

ఖర్చు కూడా అదే రాత్రి లెక్కేశాను. లైటు రోజుకి 1.8 యూనిట్లు, పదకొండు వారాలు, మాకు యూనిట్ 38 సెంట్లు. కరెంటుకే దాదాపు 53 యూరోలు. మొత్తం 203. గ్రాము ఏడున్నర యూరోలు పడింది. చవగ్గా పెంచుదామనుకునేవాళ్ళు మొదటి మొక్కతో ఆ ఆశ పెట్టుకోవద్దు. లైటూ ఫిల్టరూ మిగులుతాయి, రెండో మొక్కకి కలిసొస్తుందంటారు. నేను ఓసారి తాగి చూశాను. రెండు గంటలు గుండె దడదడలాడింది, గోడ గడియారం చూస్తూ పడుకున్నాను. నాకు పడేది కాదు. ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. కడిగి ఆరబెట్టిన గోంగూర పచ్చడి సీసా ఒకటుంటే అందులో పోసి, మూత బిగించి, ట్రంకులో పెట్టి తాళం వేశాను.

సంక్రాంతి రోజు ఫోన్ చేశాను. ఇంట్లో అందరూ ఉన్నారు. అమ్మ గోంగూర కోశావా అని అడిగింది, కోశానన్నాను. ఎంతొచ్చిందంటే కొంచెమే అన్నాను. తర్వాత ఫోన్ తమ్ముడి చేతికి వచ్చింది. డాబా మీదకి వెళ్ళమన్నాను. వాడు మెట్లెక్కుతున్న చప్పుడు, గాలిపటాల పిల్లల అరుపులు వినిపించాయి.

"ఒరే, నీకో సంగతి చెప్పాలి. అమ్మకి చెప్పకు."

చెప్పాను. గోంగూర కాదని, ఏమిటో, ఎందుకో, ఇక్కడ చట్టం ఏమిటో, రెండు కుప్పల సంగతి, తొమ్మిదిన్నర సంగతి. వాడు మధ్యలో ఏమీ అనలేదు. లైన్ కట్ అయిందేమో అని రెండుసార్లు చూసుకున్నాను.

"ఎంతయింది ఖర్చు?" అన్నాడు చివరికి.

"రెండొందల మూడు యూరోలు. మన డబ్బుల్లో పద్దెనిమిది వేలు."

"పద్దెనిమిది వేలా?" నవ్వాడు. బెయిలొచ్చాక వాడి నవ్వు వినడం అదే మొదటిసారి. "ఇరవయ్యొక్క కేజీలు మోస్తే నాకిస్తామన్నది ఎనిమిది అన్నా. నువ్వు ఎదురిచ్చి పెంచేవా?"

నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం కాసేపు నవ్వాం. తర్వాత వాడు గొంతు తగ్గించి అడిగాడు.

"ఎలగుంటాదన్నా అది?"

"ఏది?"

"మొక్క. నాను సూడనేదు ఎప్పుడూ. బ్యాగులకి టేపులేసేసి ఇచ్చేరు. పట్టుకున్నాక కోసేరు గానీ అప్పటికి నన్ను పక్కకి తిప్పీసేరు. కోర్టులోనూ పేరే విన్నాను."

నా ఫోన్లో డెబ్బై ఫొటోలున్నాయి. వారం వారం తీసినవి. పంపబోయి ఆగాను. వాడు బెయిలు మీదున్నాడు, వారం వారం స్టేషన్‌కి వెళ్ళి సంతకం పెట్టాలి. వాడి ఫోన్లో గంజాయి మొక్క ఫొటో ఉండకూడదు. నా దగ్గర ఉండొచ్చు.

"గోంగూరలాగుంటుందిరా," అన్నాను. "అచ్చం గోంగూరే."

"ఓసి," అన్నాడు. "అంతేనా?"

కింద నుంచి పిన్ని పిలుస్తోంది, అరిసెలు చల్లారిపోతున్నాయని. వస్తన్నానన్నాడు.